మిరప కల్లంలో నలుపు తెలుపు ముఖచిత్రాలు: ఎరుపు తెల్లబడకుండా, ముఖం మసకబారకుండా తీయడం ఎలా?

పల్నాటి వెలుగు (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మా సత్తెనపల్లి చుట్టుపక్కల ఇప్పుడు మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కల్లాల్లో ఆరబోసిన కాయల మధ్య కూర్చుని తాలు ఏరే, తొడిమలు తీసే ఆడవాళ్ల ముఖచిత్రాలను వాళ్లు పనిచేసే చోటనే, ఫ్లాష్ లేకుండా, ఉన్న వెలుతురులోనే నలుపు తెలుపులో తీయాలని పూనుకున్నాను. రంగుల్లో తీసిన మిరప కల్లాలను పత్రికల్లోనూ క్యాలెండర్లలోనూ ఏటా చూస్తూనే ఉన్నాం. వాటిలో కంటికి ఆనేది ఎరుపే తప్ప మనిషి కాదు. రంగు తీసేస్తే మనిషి ముందుకు వస్తుందన్నది నా ఆలోచన.

కెమెరాలో మోనోక్రోమ్ పెట్టి, అందులో ఎరుపు ఫిల్టరు అమరికను ఎంచుకున్నాను. చర్మం నునుపుగా వస్తుందనీ ఆకాశం ముదురుగా వస్తుందనీ ఈ అమరికకు పేరుంది కదా. వేపచెట్టు నీడలో కూర్చున్న ఒక పెద్దావిడ, ఆమె వెనక ఎండలో కల్లం: ఇదీ చిత్రం. కల్లం మొత్తం ఇసుక మేటలా తెల్లగా వచ్చింది. చూసినవారు అవి వేరుశనగ కాయలా అని అడుగుతున్నారు. ఆమె నుదుటి కుంకుమ బొట్టు కూడా దాదాపుగా మాయమైంది.

రా ఫైళ్లు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచినవి) ఉన్నాయి కాబట్టి కంప్యూటర్లో మళ్లీ మొదటినుంచీ మార్చి చూశాను. ఎరుపు స్లైడరును బాగా దించితే కల్లం నల్లబడి బాగానే ఉంటోంది గాని, ఆవిడ గడ్డం కిందా, ముక్కు అడుగునా మసి పూసినట్టు మరకలు తేలుతున్నాయి. ముఖం తీరు చెడకుండా కల్లాన్ని నల్లగా ఉంచే మార్గం ఏదైనా ఉందా? కోతలు ముగిసేలోపు మళ్లీ వెళ్లి తీసే వీలుంది కాబట్టి, తీసేటప్పుడే పాటించవలసినవి ఉంటే అవి కూడా చెప్పగలరు.

నిర్వాహకులు

చిత్రం కింద రాసిన ఆవిడ పేరును, ఊరి పేరును తొలగించాము. ఆమె అనుమతి ఉందని సభ్యులు తెలిపితే తిరిగి చేరుస్తాము. చర్చ కొనసాగించవచ్చు.

రా ఫైలు

మీ కెమెరా మీరు అడిగిన పనే చేసింది. నలుపు తెలుపులో ప్రతి రంగూ ఏదో ఒక బూడిద ఛాయగా మారవలసిందే. ఆ ఛాయ ఎంత ముదురుగా ఉండాలన్నది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానళ్లలో దేనికి ఎంత పాలు ఇచ్చామన్న దానిని బట్టి ఉంటుంది. పండు మిరపకాయ ఎర్రటి కాంతిని బాగా తిప్పికొట్టి, ఆకుపచ్చ, నీలం కాంతులను దాదాపుగా మింగేస్తుంది. మన గోధుమవన్నె చర్మం కూడా ఎరుపునే ఎక్కువగా తిప్పికొడుతుంది గాని, ఆకుపచ్చను అంతగా మింగదు. మీరు పెట్టిన ఫైలును తెరిచి చూస్తే, ఎండలోని కాయల మీద ఎరుపు విలువ 200 దాటి ఉంది, ఆకుపచ్చ 35 దగ్గర ఆగింది. నీడలో ఉన్న ఆవిడ చెంప మీద ఎరుపు 120, ఆకుపచ్చ 80 వరకు ఉన్నాయి. ఎరుపు ఛానలును మాత్రమే నమ్ముకుంటే కల్లం ముఖం కన్నా తెల్లగా వచ్చి తీరుతుంది. ఆకుపచ్చ ఛానలులో చూస్తే లెక్క తిరగబడి ముఖం ముందుకు, కల్లం వెనక్కు పోతాయి. బొట్టు మాయమవడానికి కూడా కారణం అదే: కుంకుమ ఎరుపు, చర్మంలోని ఎరుపు ఒకే ఛాయకు వచ్చాయి.

ఇక గడ్డం కింది మరక సంగతి. అది సాఫ్ట్‌వేరు లోపం కాదు. ఎండ కల్లం మీద పడి, కాయల ఎరుపును పట్టుకుని ఆవిడ ముఖానికి అడుగునుంచి తగులుతోంది. రంగు చిత్రంలో చూడండి, దవడ కింద చర్మం నారింజ వన్నె దాటి అచ్చమైన ఎరుపులోకి జారింది. మామూలుగా మనుషుల చర్మం, అది ఏ ఛాయదైనా, రంగుల చక్రంలో నారింజ భాగంలోనే ఉంటుంది కాబట్టి ఎరుపు స్లైడరును దించినా ముఖానికి పెద్దగా దెబ్బ తగలదు. ఇక్కడ మాత్రం గడ్డం, ముక్కు అడుగు మిరపకాయల లెక్కలోకి వెళ్లిపోయాయి, వాటితో పాటే నల్లబడ్డాయి.

అందుచేత రంగుల వారీ స్లైడర్లను వదిలిపెట్టి ఛానల్ మిక్సర్‌తో మార్చి చూడండి. ఆకుపచ్చకు సింహభాగం, ఎరుపుకు నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూ, నీలానికి నామమాత్రం ఇచ్చి మొదలుపెట్టండి. స్లైడర్లు రంగును ముక్కలుగా కోస్తాయి కాబట్టి అంచుల్లో చారలు, గరుకు తేలతాయి. మిక్సరులో ఆ మార్పు మెల్లగా జరుగుతుంది. గడ్డం కింద నీడ ఉంటుంది గాని మరకలా ఉండదు. జింప్‌లో మోనో మిక్సర్ అని ఉంది, డార్క్‌టేబుల్‌లో కలర్ కాలిబ్రేషన్‌లోని గ్రే భాగం ఇదే పని చేస్తుంది. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే.

కొత్త కెమెరా

నేను సెల్‌ఫోనుతో మాత్రమే తీస్తాను. ఫోనులోని మోనో ఫిల్టరులో ఈ ఛానళ్ల మార్పు చేయడం కుదురుతుందా?

రా ఫైలు

ఫోనులోని మోనో ఫిల్టరును వాడకుండా రంగులోనే తీసి, తరువాత మార్చుకోవడం మంచిది. ఒకసారి మోనోలో జేపీఈజీగా దాచిన చిత్రంలో రంగుల ఆనవాలు మిగలదు కాబట్టి మార్చడానికి ఏమీ ఉండదు. ఫోనులో రా సదుపాయం ఉంటే ఇంకా మేలు.

నీడపట్టు

నేను ఖమ్మం వైపు కల్లాల్లో చాలాకాలంగా ముఖచిత్రాలు తీస్తున్నాను. రా ఫైలు గారు చెప్పిన మార్పిడి సరైనదే గాని, కంప్యూటర్లో చేసే ఆ శ్రమలో చాలా భాగం కల్లం దగ్గరే తప్పించుకోవచ్చు.

ముందుగా వెలుతురు. మన పల్నాట్లో, ఖమ్మంలో ఫిబ్రవరి మధ్యాహ్నపు ఎండకూ, చెట్టు నీడకూ మూడు నాలుగు స్టాపుల తేడా ఉంటుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). మనిషి నీడలో, కల్లం ఎండలో ఉన్నప్పుడు ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే కల్లం వెలిగిపోతుంది, కల్లానికి ఇస్తే ముఖం చీకటి అవుతుంది. దీనికి ఫిల్టరుతో నిమిత్తం లేదు. వెనక ఎండ పడని చోటు వెతకండి: బస్తాలు పేర్చిన గుట్ట, ట్రాక్టరు ట్రక్కు పక్క, లేదా మంచుకు కాయలు తడవకుండా కప్పి ఉంచిన నల్ల పట్టా. ఉదయం ఆ పట్టాలు ఇంకా తీయకముందే వెళితే వెనకతలం దానంతట అదే ముదురుగా దొరుకుతుంది. చెట్టు నీడను కూడా గుడ్డిగా నమ్మకండి. వేప ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా రాలి చెంప మీద పడితే, రంగులో అందంగానే ఉండవచ్చు గాని, నలుపు తెలుపులో అవి బొల్లి మచ్చల్లా కనిపిస్తాయి. చింతచెట్టు నీడ అంతకన్నా చిక్కన. రేకుల పాక వసారా అంచున, బయటి ఆకాశం వైపు ముఖం తిప్పి కూర్చోబెడితే అన్నిటికన్నా మంచిది.

ఇక అడుగునుంచి వచ్చే ఎరుపు. దానికి మేము వాడేది తెల్ల యూరియా సంచి. రాత ఉన్న వైపు లోపలికి వచ్చేలా తిరగేసి, విప్పి, ఆమె ముందు నేల మీద పరుస్తాము. కాయల మీదనుంచి వచ్చే ఎరుపును అది కొంత ఆపుతుంది, తెల్లటి వెలుగును కళ్ల గుంటల్లోకి పంపుతుంది. కొనుక్కున్న వెండి రిఫ్లెక్టరును తీసుకువెళ్లి అక్కడ విప్పితే పని అంతా ఆపి అందరూ దానివైపే చూస్తారు. సంచి ఎవరి దృష్టినీ లాగదు.

మరొక మాట. కల్లంలో ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుంటారు, ఘాటుకు ముక్కు నోరు కప్పేలా తువ్వాలు చుట్టుకుంటారు. చాలామంది ఫొటోగ్రాఫర్లు చొక్కా తీసేయమనీ తువ్వాలు దించమనీ అడగడం చూశాను. ఆ తువ్వాలు పైన రెండు కళ్లు మాత్రమే కనిపించే చిత్రమే ఆ పనిని ఉన్నదున్నట్టు చూపిస్తుందని నా అభిప్రాయం. పైగా తువ్వాలు తెల్లదైతే కళ్ల కింద అదే రిఫ్లెక్టరుగా పనిచేస్తుంది.

చీకటిగది

ఫిల్ములో తీసేవారి తరఫున కొన్ని మాటలు. హెచ్‌పీ5 ప్లస్ గాని ట్రై-ఎక్స్ గాని పాన్‌క్రోమాటిక్ ఫిల్ములే, అంటే ఎరుపును కూడా చూడగలిగినవి. వీటికి ఎరుపు ఫిల్టరు తగిలిస్తే పల్నాటి వెలుగు గారి కెమెరాలో జరిగినదే జరుగుతుంది, పైగా మూడు స్టాపుల వెలుతురు పోతుంది. ఆరుబయట ముఖచిత్రాలకు పాతకాలం నుంచి చెప్పేది పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసిన ఫిల్టరు. తయారీని బట్టి ఒకటి నుంచి రెండు స్టాపులు తింటుంది. దానితో పెదవులు వెలిసిపోవు, బొట్టు నిలబడుతుంది, ఆకులు ఒక మెట్టు తేలికపడతాయి, మిరపకాయలు లోతుగా నల్లబడతాయి. ఇందుకు చెల్లించే మూల్యం కూడా ఉంది: చర్మం మీది ముడతలు, మచ్చలు, ఉబ్బిన నరాలు కొంచెం గట్టిగా కనిపిస్తాయి. ఎనభై ఏళ్ల ముఖానికి అది శోభే కావచ్చు గాని, మొటిమలున్న కుర్రవాడు సంతోషించడు.

ఫిల్టరు కన్నా పెద్ద సంగతి మీటరింగు, అంటే వెలుతురును కొలవడం. మీటరుకు దేనిని చూపిస్తే దానిని మధ్యస్థ బూడిదగా చేయాలని చూస్తుంది. నల్లని ముఖానికి స్పాట్ మీటరు (ఒక్క చోటి వెలుతురునే కొలిచేది) గురిపెట్టి అది చెప్పిన అంకెనే పాటిస్తే, ముఖం ఉన్నదానికన్నా తెల్లగా వస్తుంది, తలపాగా వెల్లవేసిన గోడలాగా వివరం లేకుండా పోతుంది. అమెరికా ఛాయాగ్రాహకులు యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1939–40 ప్రాంతంలో రూపొందించిన జోన్ పద్ధతిలో (నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలకు అంకెలు ఇచ్చే లెక్క, ఐదోది మధ్యస్థ బూడిద) తెల్లవారి చర్మాన్ని ఆరో జోనులో పెట్టమంటారు. దానిని ఆ పుస్తకాల్లోంచి ఎత్తి మన పొలాల్లో దించుకుంటే, కష్టజీవి ముఖం పౌడరు అద్దినట్టు తయారవుతుంది. మనవారి చర్మానికి ఐదో జోను, ఎండలో నల్లబడ్డ ముఖానికి నాలుగూ ఐదుల మధ్య సరిపోతుంది. నాకు తెలిసిన సులువైన మార్గం అరచేయి. ముఖాల ఛాయలో ఎంత తేడా ఉన్నా అరచేతులు ఇంచుమించు ఒకే తీరుగా, మధ్యస్థ బూడిద కన్నా ఒక స్టాపు తేలికగా ఉంటాయి. మీ అరచేతిని ఆమె ముఖం ఉన్న వెలుతురులోనే పెట్టి కొలిచి, ఒక స్టాపు అదనంగా తెరవండి. ముఖం దాని చోటికి అదే వస్తుంది.

ముదురు చర్మానికి ఆకారాన్ని ఇచ్చేది నీడ కాదు, మెరుపు. నుదుటి మీద చెమట, చెంప ఎముక మీద కొబ్బరినూనె జిడ్డు, కిటికీలాంటి పెద్ద వెలుగు అక్కడ ప్రతిఫలించడం వల్లనే ముఖం గుండ్రదనం తెలుస్తుంది. అందువల్ల తీసేముందు ముఖం తుడుచుకోమని అడగవద్దు. కాయల తళుకు తగ్గించడానికి పోలరైజర్ పెట్టేవారు ఉన్నారు. అది కాయలతో పాటు ఈ మెరుపును కూడా తీసేసి ముఖాన్ని చదును చేస్తుంది కాబట్టి నేను వద్దంటాను.

చివరగా, ఫిల్మును ఇంట్లో కడుక్కునేవారికి: డెవలపింగ్ పట్టికలు 20 డిగ్రీల లెక్కతో ఉంటాయి, మన కుళాయి నీళ్లు మార్చి నాటికే అంతకు చాలా పైన ఉంటాయి. ప్రతి డిగ్రీకి సుమారు పదో వంతు సమయం తగ్గించాలి. మొత్తం సమయం ఐదు నిమిషాల లోపుకు పడిపోతే ముఖం మీద చారలు వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి, డెవలపరును పలచన చేయడమో, డబ్బాను ఐసు నీళ్లలో నిలపడమో మేలు.

పాత ప్లేటు

బొట్టు ప్రస్తావన వచ్చింది కనుక ఒక పాత సంగతి. పంతొమ్మిదో శతాబ్దపు ఛాయాచిత్రాలను దగ్గరగా చూసినవారికి ఒక విషయం తట్టి ఉంటుంది: వాటిలో కుంకుమ బొట్టు కాటుకబొట్టంత నల్లగా ఉంటుంది. అప్పటి కొల్లోడియన్ తడి ప్లేట్లు నీలం, అతినీలలోహిత కాంతులను మాత్రమే పట్టుకునేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. పసుపు రాసుకున్న ముఖం కూడా నీలాన్ని మింగుతుంది కాబట్టి ఉన్న ఛాయకన్నా ముదురుగా పడేది. ఆ తరువాతి ఆర్థోక్రోమాటిక్ ప్లేట్లు ఆకుపచ్చను కూడా చూడగలిగినా, ఎరుపు దగ్గర గుడ్డివే. ఎరుపును చూడగల పదార్థం సామాన్య వాడుకలోకి వచ్చింది 1920ల తరువాతనే.

అంటే, 1885లో ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన లాలా దీన్‌దయాళ్ కాలంలో ఎవరు ఎంత నేర్పుగా తీసినా, గోధుమవన్నె ముఖం కళ్లకు కనిపించినదానికన్నా నల్లగానే పడేది. ఫొటోలో నల్లగా పడ్డామన్న ఫిర్యాదు మన ఇళ్లలో తరతరాలుగా ఉండడానికి ఆ పదార్థపు గుణం ఒక కారణం. ఆ ఫిర్యాదును తీర్చడానికే స్టూడియోల్లో నెగటివు మీద పెన్సిలుతో దిద్ది ముఖాన్ని తెల్లబరచే విద్య పెరిగింది. ఈనాటి ఫోనులోని అందాల ఫిల్టరు దానికి వారసురాలే. ఎరుపు ఫిల్టరు మీద మనవారికి ఉన్న మోజుకు కూడా మూలం నునుపు కన్నా తెలుపేనని నా అనుమానం.

ఆ పాత చూపును కావాలని కోరుకునేవారికి ఇల్ఫర్డ్ సంస్థ ఆర్థో ప్లస్ ఫిల్మును 35 మి.మీ., 120 సైజుల్లో అమ్ముతోంది. మిరప కల్లం దానిలో బొగ్గు కుప్పలా వస్తుంది. ఈ చర్చలో అడిగిన పనికి అది ఒక విధంగా సరిపోతుంది గాని, ముఖం కూడా దానితో పాటు కిందికి దిగుతుంది. కాబట్టి వెలుతురు నిండుగా ఉన్న వసారాలోనే వాడాలి.

రంగులరాట్నం

పెద్దలు ఇన్ని ఉపాయాలు చెబుతున్నారు గాని, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మిరప కల్లంలో రంగు తీసేయడం దేనికి? అక్కడ పని అంతా రంగు మీదనే ఆధారపడి ఉంది. తాలు కాయను మంచి కాయనుంచి వేరు చేసేది రంగే, గుంటూరు యార్డులో ధర పలికేది రంగును బట్టే. ఆ ఆడవాళ్ల కంటికి ఉన్న నైపుణ్యమే ఎరుపులో ఎరుపును వేరు చేయడం. ఆ రంగును తీసేసి వాళ్ల ముఖంలో గాంభీర్యం వెతకడం నాకు వింతగా ఉంది.

ఇంకొక అభ్యంతరం కూడా ఉంది. పల్లెటూరి మనిషిని నలుపు తెలుపులో చూపించగానే ఆయన నిన్నటివాడైపోతాడు. నగరంలోని సాఫ్ట్‌వేరు ఉద్యోగిని రంగుల్లో తీస్తాము, కూలికి వెళ్లే ముసలమ్మను నలుపు తెలుపులో తీస్తాము. ముడతలను మరింత నలుపు చేసి, కళ్లలో ఒక మెరుపు చుక్క పెట్టి, దానికి ‘శ్రమ సౌందర్యం’ అని పేరు పెట్టి పోటీకి పంపుతాము. ఆవిడ పక్కన ఉన్న సెల్‌ఫోను ఫ్రేములో పడకుండా ఎంత జాగ్రత్తపడతామో అందరికీ తెలుసు.

నీడపట్టు

రంగులరాట్నం గారి రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, మొదటి మాటతో సగమే. నా చిత్రాల్లో సెల్‌ఫోను ఉంటుంది, స్టీలు నీళ్ల సీసా ఉంటుంది, చొక్కా జేబులో ఇయర్‌ఫోను తీగ వేలాడుతూ ఉంటుంది. ఒక అమ్మాయి తొడిమలు తీస్తూ మేనల్లుడితో వీడియోలో మాట్లాడుతుంటే, ఫోను వెలుగు ఆమె గడ్డం మీద పడిన చిత్రం ఈ ఏడాది నాకు నచ్చినవాటిలో ఒకటి. నలుపు తెలుపులో కాలం వెనక్కు పోకుండా పట్టి ఉంచేవి ఇవే. ఇవి తొలగించి తీస్తే మీ అభ్యంతరం న్యాయమే.

రంగు విషయంలో మాత్రం వేరే చెబుతాను. చేతులను దగ్గరగా తీసేటప్పుడు నేను కూడా రంగులోనే తీస్తాను, తాలు ఏరే నేర్పు అందులోనే తెలుస్తుంది. ముఖానికి వచ్చేసరికి వెనకనున్న ఎరుపు కన్నును లాగేసుకుంటుంది. మనిషిని, ఆమె చోటును ఒకే చిత్రంలో ఉంచాలి, కాని చోటు మనిషిని మింగకూడదు. రంగులో అది చేయాలంటే వెనకతలాన్ని మసకచేయాలి. ఎఫ్/1.8లో, అంటే లెన్సును బాగా తెరిస్తే, కల్లం ఎర్రటి మరకగా మారుతుంది, అప్పుడు ఆమె ఎక్కడ కూర్చుందో కూడా తెలియదు. నలుపు తెలుపులో ఎఫ్/8 పెట్టి, అంటే లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసి, ప్రతి కాయనూ స్పష్టంగా ఉంచి కూడా ముఖాన్ని ముందుకు తేవచ్చు, ఛాయల్లో తేడా ఉంటే చాలు. నేను నలుపు తెలుపును ఎంచుకునేది ఇందుకే తప్ప పాతదనం కోసం కాదు.

చీకటిగది

నీడపట్టు గారి ఎఫ్/8 మాటకు ఒక చేర్పు. జర్మన్ ఛాయాగ్రాహకుడు ఆగస్ట్ సాండర్ 1914లో వెస్టర్‌వాల్డ్ ప్రాంతంలో నాట్యానికి వెళుతున్న ముగ్గురు యువ రైతులను దారిలోనే నిలబెట్టి తీసిన చిత్రం మీలో చాలామంది చూసే ఉంటారు. వెనక పొలం మెత్తబడి ఉంది గాని మాయం కాలేదు. ముదురు సూట్లు వేసుకున్న మనుషులు తేలికైన నేల మీద, ఆకాశం మీద అచ్చు గుద్దినట్టు నిలబడతారు. ఇందులో జరిగినది ఛాయల ఎంపికే. మనకు మిరప కల్లంలో దీనికి తిరగబడిన లెక్క అవసరం: ముదురు నేల మీద అంతకన్నా తేలికైన ముఖం. పత్తి చేలో అయితే సాండర్ లెక్కే నేరుగా పనికివస్తుంది. వరి కోసిన మడిలో కూడా అంతే.

లెన్సు సంగతి ఎవరూ అడగలేదు గాని, పూర్తి ఫ్రేముకు 50, చిన్న సెన్సరుకు 35 మి.మీ. చాలు. దూరంనుంచి పెద్ద జూముతో తీసేవారి మీద నాకు సదభిప్రాయం లేదు.

పాత ప్లేటు

రంగులరాట్నం గారి ప్రశ్నకు మన నేల మీదనే ఒక పాత ఉదాహరణ ఉంది. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో నల్లమల చెంచుల మధ్య, ఆ తరువాతి ఏళ్లలో ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేసి వేల చిత్రాలు తీశాడు. లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో ఆ సంగ్రహం ఉంది. ఆయనకు వేరే దారి లేదు, నలుపు తెలుపు ఫిల్మే అప్పటి పనిముట్టు. ఆయన ఆదిలాబాదు ప్రాంతపు గోండు గ్రామం మార్లవాయిలో ఏళ్ల తరబడి నివసించినవాడు. భార్య బెట్టీ సమాధి కూడా ఆ ఊళ్లోనే ఉంది. అలా కలిసి బతికినవాడి చిత్రాలకూ, ఒక పూట వచ్చి పోయినవాడి చిత్రాలకూ తేడా కళ్లలో తెలుస్తుంది. అయినా ఆ కాలపు మానవశాస్త్ర చిత్రాల్లో చాలావాటి కింద మనిషి పేరు ఉండదు, తెగ పేరు ఉంటుంది. ‘చెంచు స్త్రీ’, ‘గోండు యువకుడు’ అన్న తీరు. ఈనాడు ‘మిరప కల్లంలో కూలీ’ అని రాసి ఊరుకుంటే మనం ఆ తీరులోనే ఉన్నట్టు. నిర్వాహకులు పేరు తొలగించడం సబబే గాని, ఆమెను అడిగి, ఆమె సరేనంటే పేరు రాయడం అంతకన్నా సబబు.

అడగకపోతే ఏమవుతుందో అమెరికా ఛాయాగ్రాహకురాలు డొరొతియా లాంజ్ చిత్రం చెబుతుంది. 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమోలో బఠాణీ కూలీల గుడారం దగ్గర తీసిన ఆ తల్లి ముఖం ప్రపంచమంతా తిరిగింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ చిత్రం వల్ల తనకు ఒక్క పైసా రాలేదనీ, అసలు తీయకుండా ఉంటే బాగుండేదనీ ఆమె చెప్పింది. లాంజ్ పేరు అడగలేదు.

పల్నాటి వెలుగు

అందరికీ ధన్యవాదాలు. ఛానల్ మిక్సర్‌తో మార్చిన చిత్రాన్ని పైన చేర్చాను. కల్లం నల్లబడింది, బొట్టు తిరిగి వచ్చింది, గడ్డం కింద మరక చాలావరకు పోయింది. వెనకనున్న ఎండ మాత్రం చేయగలిగిందేమీ లేదు, అది మళ్లీ తీయవలసిందే.

అనుమతి విషయంలో ఒక సందేహం. నేను ముఠా మేస్త్రిని అడిగి, ఆయన సరేనన్న తరువాతే తీశాను. రైతు కూడా అక్కడే ఉన్నారు. అది సరిపోతుందనుకున్నాను. ఇప్పుడు ఈ చర్చ చదివిన తరువాత ఒక్కొక్కరినీ విడిగా అడగాలా అనిపిస్తోంది.

నీడపట్టు

తప్పకుండా అడగాలండీ. మేస్త్రి సరేనంటే ఆడవాళ్లు కాదనలేరు, మరుసటి రోజు పని ఆయన చేతిలో ఉంటుంది. ఆయన ఇచ్చేది కల్లంలో అడుగుపెట్టడానికి అనుమతి, ముఖం తీయడానికి కాదు. నేను ఆయన అవతలికి వెళ్లాక, అన్నాల వేళ, విడిగా ఒక్కొక్కరినీ అడుగుతాను. వద్దన్నవాళ్లను మళ్లీ అడగను, వాళ్లు గుంపులో వెనక పడినా ఆ చిత్రం వాడను.

పని వేళను కూడా గుర్తుపెట్టుకోండి. తూకం లెక్కన కూలి ఇచ్చే చోట మీరు పావుగంట కూర్చోబెడితే ఆ పావుగంట కూలి ఆమెకు పోయినట్టే. అన్నం తినే వేళ ఒక్కటే వాళ్ల సొంత సమయం. అప్పుడు వాళ్లు చెట్టు కిందికి, వసారాలోకి వాళ్లంతట వాళ్లే వస్తారు కాబట్టి వెలుతురు కూడా మనకు కలిసివస్తుంది. మనం టిఫిను డబ్బా తెచ్చుకుని వాళ్లతో కూర్చుంటే కెమెరా సంగతి రెండోది అవుతుంది.

కొత్త కెమెరా

తుమ్ములు ఆపుకోవడం ఎలాగో కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

చీకటిగది

గాలి వచ్చే వైపుకు వీపు పెట్టి నిలబడండి. కల్లంలో లెన్సు మార్చవద్దు. ఆ దుమ్ము సెన్సరు మీద పడితే ఆకాశంలో మచ్చలుగా తేలుతుంది. ఫిల్ముకైతే గీతలు పడతాయి. కాయలు పట్టుకున్న చేత్తో కన్ను నలుపుకోవద్దని వేరే చెప్పనక్కరలేదు.

పల్నాటి వెలుగు

చివరి ప్రశ్న. వాళ్లందరికీ తలా ఒక ప్రింటు ఇవ్వాలనుకుంటున్నాను. ఎనిమిది పన్నెండు అంగుళాల సైజులో, లామినేషన్ చేయించి ఇస్తే సరిపోతుందా?

నీడపట్టు

సైజు బాగానే ఉంది. మామూలు ల్యాబులో నలుపు తెలుపును రంగుల కాగితం మీదనే వేస్తారు కాబట్టి ఒక్కోసారి పచ్చగానో గులాబీగానో ఛాయ తేలుతుంది. ముందు ఒకటి చిన్న సైజులో వేయించి, ఇంటి బయట పగటి వెలుతురులో చూసి, సరిగ్గా ఉంటేనే మిగతావి వేయించండి. మెరిసే లామినేషన్ చేయిస్తే తలుపు వైపునుంచి వచ్చే వెలుగు తప్ప ముఖం కనిపించదు, మ్యాట్ అడగండి.

ఇంకొకటి ముందే చెప్పి ఉంచుతాను. మొదటిసారి నేను నలుపు తెలుపు ప్రింట్లు పంచినప్పుడు ఒక పెద్దావిడ తనది చేతిలోకి తీసుకుని, ‘నేను ఇంకా పోలేదమ్మా, దండ వేసే ఫొటో ఇప్పుడే ఎందుకు తెచ్చావు’ అన్నది. అందరూ నవ్వారు గాని, ఆ ప్రింటు ఆమె గోడకు ఎక్కలేదు. అప్పటినుంచీ ప్రతి ఒక్కరికీ అదే చిత్రాన్ని రంగులో కూడా వేయించి, రంగుది పైన పెట్టి ఇస్తున్నాను. పింఛను కాగితాలకు పనికొస్తుందని పాస్‌పోర్టు సైజువి కూడా అడుగుతారు. తెల్లటి గోడ ముందు నిలబెట్టి అవి కూడా అప్పుడే తీసేయండి, రెండోసారి ల్యాబుకు తిరగనక్కరలేదు.